రంపానికి మెంతినూనె వాసన

మీరు నవ్వనంటే ఒక సంగతి చెబుతాను. నవ్వినా ఫర్వాలేదు గానీ, ఇదంతా విన్నాక మీరు ఇంటికి వెళ్లాల్సింది మా పనస చెట్టు కిందుగానే. అది మాత్రం గుర్తుంచుకోండి.

సఖినేటిపల్లి రేవుకి కాస్త ఎగువన, ఏటిగట్టు పక్కనే మా ఇల్లు. పెరట్లో పనస చెట్టు. మా అమ్మ సుబ్బాయమ్మగారు కాపురానికొచ్చిన ఏడు పాతిందట. ఆవిడ పోయి ఏడాది దాటినా, చెట్టు మాత్రం ఆవిడలాగే నిటారుగా, ఎవరి మాటా విననట్టు నిలబడి ఉంది. అదీ సరిగ్గా నా పడకగది కిటికీ పక్కన.

ఆ చెట్టు కింద రోజూ మధ్యాహ్నం హైకోర్టు నడుస్తుంది. పైకి చూస్తే అది లేసు అల్లికే. మా ఆవిడ రామతులసి, పక్కింటి సూర్యకళ, రిటైరైన పంతులమ్మ రూతుగారు చాప పరుచుకుని, నరసాపురం ఏజెంటు ఇచ్చిన టేబుల్ గుడ్డలు అల్లుతూ ఉంటారు. చేతులు దారాన్ని అల్లుతుంటే నోళ్లు మొగుళ్లని ఉతుకుతుంటాయి. రూతుగారి భర్త ఏనాడో పరలోకం చేరారు గనక ఆవిడ జడ్జి.

భోజనం చేసి నడుం వాలిస్తే చాలు, నా మీద నడుస్తున్న కేసు కిటికీలోంచి నాకే వినబడేది.

"చింతపండు తెమ్మని బజారుకి పంపితే, చింతచెట్టుకి బేరమాడి వచ్చారండీ మా ఆయన" అనేది మా ఆవిడ.

"అన్నయ్యగారు వింటారేమో వదినా" అనేది సూర్యకళ.

"వింటూనే ఉన్నారు. ఆ గురక ఉత్తుత్తిదే."

ఆ మాటకి నేను గురక ఇంకాస్త పెంచేవాణ్ణి.

"నా గురించి మాట్లాడకండి" అని గట్టిగా అనవచ్చు. అంటే రోజూ విన్నానని ఒప్పుకున్నట్టే. సూర్యకళ మొగుడు చంద్రరావుదీ ఇదే బాధ. ఊళ్లో ఆయన్ని తడిటపాకాయ అంటారు. పెళ్లాం ముందు ఏ మాట మొదలుపెట్టినా తుస్సుమంటుంది గనక ఆ పేరు. ఇద్దరం కలిసి ఆలోచించాక తేలిందేమిటంటే, జడ్జిగారిని మార్చలేం, వాదించేవాళ్లని ఆపలేం. కోర్టు భవనాన్నే లేపేస్తే సరి.

అదృష్టం కొద్దీ అప్పుడే నా చేతికొక రంపం మిషను వచ్చింది. మా బావమరిది ఉదయభాస్కర్‌కి జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ తోట ఉంది. కొత్త మిషను కొనుక్కుని, పాతది నాకిచ్చాడు. ఇస్తూ ఒక పూటంతా పాఠం చెప్పాడు.

"బావగారూ, ఇంజను సంగతి దేవుడు చూసుకుంటాడు. మీరు చూసుకోవాల్సింది బారూ, చైనూ. ఈ ముందుకి పొడుచుకొచ్చిన ఇనప బద్దే బారు. దీని అంచు చుట్టూ గాడి ఉంది చూశారా, ఇందులోనే చైను పరిగెడుతుంది. పని అయ్యాక గాడిలో పొట్టు గీకెయ్యాలి. ఈ సన్నటి బెజ్జంలోంచి నూనె రావాలి. ఇది పూడిందంటే బారు కాలిపోద్ది. బారుని అప్పుడప్పుడూ తిరగేసి బిగించండి, లేకపోతే ఒకవైపే అరుగుద్ది. పళ్లన్నీ ఆకురాయితో ఒకే వాలులో రుద్దాలి. ఇంకోటి, వేడి మీద చైను సాగుద్ది. సాగింది కదా అని అప్పుడే బిగించెయ్యకండి."

అన్నీ బాగా గుర్తుపెట్టుకున్నాను, ఆఖరిది తప్ప.

ఇంటికి తెచ్చాక దాన్ని అల్లుడిని చూసుకున్నట్టు చూసుకున్నాను. ధాన్యం గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. పొద్దునా సాయంత్రం తీసి, గుడ్డతో తుడిచి, గాడి గీకి, ఆకురాయితో ఒక్కో పన్నూ రుద్దేవాణ్ణి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసేది.

"పెళ్లయి ఇన్నేళ్లయింది, నాకెన్ని పళ్లున్నాయో ఎప్పుడైనా చూశారా మీరు? దానివి మాత్రం ఒక్కోటీ లెక్కెట్టి తోముతున్నారు."

"నీ పళ్లకి పదును పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదే."

"ఇంతకీ దాంతో ఏం కోస్తారు?"

"చూస్తావుగా."

మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ, మొహం వీలైనంత దిగులుగా పెట్టి అసలు సంగతి ఎత్తాను.

"తులసీ, తెల్లవారుజామున అమ్మ కలలోకొచ్చిందే."

మా ఆవిడ చేతిలో గ్లాసు ఆగింది. వాళ్లిద్దరూ లోకంలో ఉండే అత్తాకోడళ్లలాంటివాళ్లు కారు. అమ్మ పోయినప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది తులసే.

"ఎలా ఉన్నారండీ?"

"పసుపు చీర కట్టుకుంది. పనస చెట్టు కింద నిలబడి 'అప్పాజీ' అని పిలిచింది. 'నాకిక్కడ ఊపిరాడటం లేదురా అప్పాజీ, ఈ చెట్టు కొట్టించెయ్యరా' అంది."

"పేరెట్టి పిలిచారా?"

"స్పష్టంగా."

"అప్పాజీ అనే?"

"అప్పాజీ అనే. నా చెవుల్లో ఇంకా మోగుతోంది."

ఆవిడ నా వైపు చాలాసేపు చూసింది. కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు.

"అత్తయ్యగారే చెప్పాక ఇంకేముందండీ. కొట్టెయ్యండి" అంది. "కాకపోతే పొద్దున్నే, మంచు విడవక ముందే కొట్టాలి. చెట్టు నిద్ర లేచాక కొడితే పాపమని ఆవిడే అనేవారు."

నా కాపురంలో నేనన్న మాట మొదటిసారికే చెల్లడం అదే. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు. సాయంత్రం వసారాలో ఉన్న, చైనుకి పోసే నల్లనూనె డబ్బా తెచ్చి మిషను నింపి, ఈల వేసుకుంటూ తాళం వేశాను.

అది ధనుర్మాసం. తెల్లారేసరికి గోదావరి మీంచి మంచు పాకి వచ్చి పెరడంతా నిండిపోయింది. చెట్టు మొదలు మాత్రమే కనబడుతోంది, పైన కొమ్మలు ఉన్నాయో లేవో తెలియడం లేదు. చంద్రరావు మోకు భుజాన వేసుకుని, తలకి మంకీక్యాపు పెట్టి, పెళ్లాం శాలువా కప్పుకుని వచ్చాడు.

తాడు లాగగానే మిషను గర్జించింది. చెట్టులోంచి కాకులు ఒక్కసారిగా లేచిపోయాయి. చైను బెరడుకి ఆనించాను. పొట్టు ఎగిరింది. ఆ వెనకే తెల్లగా, చిక్కగా కారడం మొదలెట్టింది.

"పాలండీ అప్పాజీగారూ! చెట్టు పాలు కారుస్తోందండీ!"

"పనస చెట్టు పాలు కాక పాయసం కారుస్తుందా? మోకు పట్టుకోండి."

అన్నాను గానీ అది అమ్మ పెంచిన చెట్టు. ఆ తెలుపు చూడటానికి నాకూ బాగా అనిపించలేదు. మొహం పక్కకి తిప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే వాసన వచ్చింది.

అది మా అమ్మ తలనూనె వాసన. కొబ్బరినూనెలో మెంతులూ మందారాకూ వేసి, పొయ్యి మీద సన్నసెగన కాచేది. ఆవిడ గదిలో అడుగుపెడితే ముందు ఆ వాసన వచ్చేది, తర్వాత ఆవిడ వచ్చేది. ఆవిడ పోయాక కొన్నాళ్లకి దిండ్లలోంచి కూడా పోయింది. ఇప్పుడు ఆ మంచులో, నా పక్కనే ఎవరో తల ఆరబెట్టుకుంటున్నంత దగ్గరగా వచ్చింది.

"చంద్రరావుగారూ, మీకేదైనా వాసన తగులుతోందా?"

"పెట్రోలండీ."

"అది కాదు. తలనూనె."

"శాలువా మా ఆవిడదండి. అదే అయ్యుంటది."

ఆ మాట పట్టుకుని ధైర్యం తెచ్చుకుందామనుకునేలోపు చైను సాగి, వదులైపోయి, బారు కింద వేలాడింది. మిషను ఆగిపోయింది. బారు మీద చెయ్యి పెట్టబోతే చుర్రుమంది. అక్కడే మర తిప్పి చైను గట్టిగా బిగించేసి, ఆ పూటకి చాలన్నాను. చంద్రరావు నాకంటే ముందే మోకు చుట్టేశాడు.

"ఏంటండీ, అప్పుడే వచ్చేశారు?" అంది తులసి.

"చైను వదులైంది."

"బిగించకపోయారా?"

"బిగించాను."

"మరింకేం."

కాసేపయ్యాక ధాన్యం గదిలో కూర్చుని బారు గాడి చూస్తే, అందులో బూడిదరంగు వెన్నలాంటి ముద్ద కూరుకుపోయి ఉంది. నూనె బెజ్జం పూడిపోయింది. గాడిలోది పుల్లతో గీకి వేలికి రాసుకుని వాసన చూశాను. మళ్లీ అదే. చలి కాలంలో కొబ్బరినూనె పేరుకుంటుందని మా వైపు పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియనిదల్లా, తాళం వేసిన గదిలో ఉన్న మిషను నోట్లోకి మా అమ్మ తలనూనె ఎలా వచ్చిందన్నదే.

"తులసీ, నువ్వు దీన్నేమైనా ముట్టుకున్నావా?"

"నేనెలా ముట్టుకుంటానండీ? తాళంచెవి మీ మొలతాడుకుంది. మొలతాడు మీ నడుముకుంది. మీ నడుము మంచానికుంది."

"అమ్మ నూనె సీసా ఎక్కడైనా మిగిలిందా ఇంట్లో?"

"ఆవిడతోటే అయిపోయిందిగా. ఎందుకూ?"

"ఏం లేదులే."

ఆ మధ్యాహ్నం మంచమెక్కి, కోర్టు మొదలవడం కోసం ఎదురు చూశాను. నన్ను నాలుగు తిడితే ప్రాణం కుదుటపడేలా ఉంది. ఎవరూ తిట్టలేదు. మా ఆవిడ గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"అత్తయ్యగారు నా కలలోకీ వచ్చారు వదినా."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. జుట్టు విరబోసుకుని, దువ్వెన కోసం ఇల్లంతా వెతుకుతున్నారు."

ఆ రోజు నాకు గురక పెట్టడం చేతకాలేదు.

మగాడన్నాక మొదలెట్టిన పని మధ్యలో ఆపితే కోర్టులో ఇంకో కేసు అదనం. అందుకని గాడి శుభ్రంగా గీకి, బెజ్జంలో తీగ పెట్టి పొడిచి, బారు తిరగేసి, మళ్లీ నూనె నింపాను. బిగింపు మాత్రం పొద్దున చేసిందే కదా అని, మర తిప్పి మళ్లీ పొద్దున ఆపినచోటే ఆపాను. మర్నాడు మంచులో మిషను బయటికి తెచ్చి చైను చేత్తో లాగితే అది కదల్లేదు. పీట వేసుకుని కూర్చుని, రెండు చేతులతో గుంజినా కదల్లేదు.

"ఎవరో అవతల పట్టుకున్నట్టుందండి" అన్నాడు చంద్రరావు.

"అవతల ఎవరున్నారండీ? నేనూ మీరేగా?"

"అదేనండీ నేననేది."

వేడి మీద సాగినప్పుడు బిగించిన చైను చల్లారితే కుంచించుకుని బారుని కరిచిపట్టుకుంటుంది. మా బావమరిది చెప్పిన ఆఖరి ముక్క అదే. ఇప్పుడు మీకింత తాపీగా చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు ఒక్కటే తోచింది. చిన్నప్పుడు నేను కత్తిపీట జోలికి వెళితే అమ్మ వెనక నుంచి వచ్చి మణికట్టు ఇలాగే పట్టుకునేది.

మర వదులు చేస్తే చైను తిరిగింది. మిషను అందుకుంది. చెట్టుకి ఆనించానో లేదో గాడిలోంచి తెల్లటి పొగ లేచింది. పొగతో పాటు వాసన, నిన్నటికంటే చిక్కగా. మెంతులు మాడే దాకా కాచినట్టుంది. కళ్లు మండాయి. ఎంత చేసినా పీల్చడం మానబుద్ధి కాలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. అంతలో చైను గాడి తప్పి, ఎగిరి, చెట్టు మొదట్లో గంటు పడ్డచోట చిక్కుకుని, పొడుగ్గా వేలాడింది. విరబోసిన జడలాగే ఉంది.

చంద్రరావు మోకు వదిలేశాడు. మోకు ఆయన్ని వదల్లేదు. కాలికి చుట్టుకుని పెంటకుప్ప దాకా వెళ్లింది. అక్కణ్ణుంచి వినబడింది.

"సుబ్బాయమ్మత్తయ్యా! నాకేం సంబంధం లేదమ్మా! అంతా మీవాడే!"

నేను పరిగెత్తలేదు. వేగంగా నడిచాను, అంతే. మిషను నాతోటే వచ్చింది, చైను మాత్రం చెట్టుకే ఉండిపోయింది.

మర్నాడు తెల్లారుతుండగా మా ఆవిడ దుప్పటి లాగింది.

"ఏవండీ, చైను బయటే ఉండిపోయింది. మంచుకి తుప్పు పట్టేస్తదేమో."

"పట్టనీ."

"అయ్యో, అన్ని పళ్లూ రుద్దుకున్నారు కదండీ. వెళ్లి తెచ్చుకోండి."

తోడు రమ్మని అడగటానికి నోరు రాలేదు. తాపీగా మొహం కడుక్కుని, కర్ర పట్టుకుని ఒక్కణ్ణే పెరట్లోకి దిగాను. మంచు ఇంకా దట్టంగా ఉంది, చేతి కర్ర చివర కనబడటం లేదు. కాకి కూడా అరవడం లేదు. చెట్టు దగ్గరవుతుంటే దాని కింద ఏదో తెల్లగా కదిలింది. మనిషెత్తున ఉంది. నిలబడీ నిలబడనట్టు, గాలి లేకుండానే ఊగుతోంది. దాని ఒంట్లోంచి మంచు అక్కడక్కడా ఇవతలికి వస్తోంది.

తడి నేల మీదే మోకరిల్లాను.

"అమ్మా, తప్పయిపోయింది. నువ్వు నా కలలోకి రాలేదు. చెట్టు కొట్టమని చెప్పలేదు. మధ్యాహ్నం నిద్ర కోసం నేనే అబద్ధమాడాను. రోజూ నా కిటికీ దగ్గర కూర్చుని నన్ను ఆడిపోసుకుంటున్నారమ్మా. నువ్వుండగా నాతో మాట్లాడేదానివి. నువ్వు పోయాక ఈ ఇంట్లో అందరూ నా గురించి మాట్లాడేవాళ్లే గానీ, నాతో మాట్లాడేవాళ్లు లేరు."

ఆఖరి మాటలు అందామని అన్నవి కావు. ఎలా వచ్చాయో వచ్చేశాయి.

తెల్లటిది కాసేపు ఊగడం మానేసింది. తర్వాత తుమ్మింది.

మా అమ్మ తుమ్ము అలా ఉండదు. అది రూతుగారి తుమ్ము. బళ్లో వెనక బెంచీ దాకా వినబడే తుమ్ము. తెల్లగుడ్డ కిందికి జారింది. అది ఏజెంటుకి ఇవ్వాల్సిన పెద్ద టేబుల్ గుడ్డ, నిండా లేసు కంతలు. ఒక మూల రూతుగారు, ఒక మూల సూర్యకళ, ఒక మూల మా ఆవిడ. నాలుగో మూల మంకీక్యాపు.

"చంద్రరావుగారూ, మీరు కూడానా?"

"మా ఆవిడ పట్టుకోమందండీ" అన్నాడాయన, గుడ్డ వదలకుండా.

"ఆరేద్దామని తెచ్చామండీ అన్నయ్యగారూ" అంది సూర్యకళ. మంచులో గుడ్డ ఎవరు ఆరేస్తారని అడగాలని నాకు తోచింది మర్నాడు.

మా ఆవిడ వచ్చి చెయ్యి అందించింది.

"లేవండి. మోకాళ్లకి చెమ్మ పడుతుంది."

"నీకు ముందే తెలుసా?"

"మీరు కల చెప్పిన రోజే తెలిసిందండీ. అప్పాజీ అని పిలిచారన్నారుగా? అది మీ తాతగారి పేరు. మావగారి పేరు పలకకూడదని ఆవిడ కన్నకొడుకుని కూడా ఏనాడూ ఆ పేరెట్టి పిలవలేదు. ఓటర్లిస్టు వాళ్లొచ్చి పేరు అడిగితే నన్ను పిలిచి చెప్పించారు. ఊపిరి పోయేటప్పుడు కూడా 'అబ్బాయి అన్నం తిన్నాడా' అనే అడిగారు. బతికుండగా అనని పేరు, పోయాక వచ్చి అంటారా?"

ఆ మాట నాకు నిజంగా తగిలింది. పుట్టినప్పట్నుంచీ నేను ఆవిడకి అబ్బాయినే. అబద్ధపు కలకైనా, అమ్మ పిలుపు సరిగ్గా పెట్టుకోవడం నాకు చేతకాలేదు.

"నూనె?" అన్నాను.

"నేనే. వసారాలో మీ నల్లనూనె డబ్బా ఉంటుందిగా, అందులో సగం వంచేసి కొబ్బరినూనె పోశాను. పనసకాయ కోసేటప్పుడు కత్తికి నూనె రాయకపోతే పాలంటుకుంటాయి. మరి చెట్టు కోసేటప్పుడు రాయొద్దా?"

"ధనుర్మాసంలో కొబ్బరినూనె పేరుకుంటుందే!"

"అవునాండీ?" అంది, కొబ్బరిచెట్ల మధ్య పుట్టి, కొబ్బరిచెట్ల మధ్యే కాపురం చేస్తున్న మనిషి.

అందరూ నవ్వారు. చంద్రరావు నవ్వు మీద పెళ్లాం చూపు పడగానే అది తుస్సుమంది. తులసి నవ్వలేదు. చెట్టుకి నేను పెట్టిన గంటు మీద, పాలు కారి ఎండినచోట చెయ్యి వేసి చూసుకుంది.

"ఇక్కడ కూచోబెట్టుకునే అత్తయ్యగారు నాకు జడలేసేవారండి. కొత్తగా వచ్చినప్పుడు ఈ ఊళ్లో నాకు తెలిసిన చెయ్యి ఆవిడదొక్కటే. మీ నిద్ర కోసం ఇది కొట్టేస్తే నేనెక్కడ కూచోను?"

తప్పు చేశానని పైకే అన్నాను. ఆవిడ తలూపింది గానీ కేసు మాత్రం కొట్టెయ్యలేదు.

రూతుగారు తీర్పు చెప్పారు. ఇకమీదట మధ్యాహ్నాలు నేను గదిలో పడుకోకూడదు. చెట్టు కిందే, వాళ్ల ఎదురుగా, పీట వేసుకుని కూర్చోవాలి. నా గురించి మాట్లాడాల్సి వస్తే నాతోనే మాట్లాడతారు. చేతులు ఖాళీగా ఉండకూడదు గనక మిషను తెచ్చుకుని బారూ చైనూ బాగుచేసుకోవచ్చు. ఆ బాగుచేసిన మిషనుతో ముగ్గురి ఇళ్లలోనూ గాలివానకి పడిన కొబ్బరిమొద్దులు కోసిపెట్టాలి. చంద్రరావు మోకు పట్టాలి.

ఆ మధ్యాహ్నమే అమలులోకి వచ్చింది. నేను పీట మీద, వాళ్లు చాప మీద. డబ్బాలో నూనె పారబోసి, అసలు నూనె పోసుకున్నాను. చెట్టుకి చిక్కుకున్న చైను విడిపించి, కిరసనాయిల్లో కడిగి, ఆకురాయి పట్టాను. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. చింతచెట్టు బేరం గురించి నన్నే అడిగారు, నా వైపు వాదన కూడా విన్నారు. ఎండ ఆకుల్లోంచి దిగి చాప మీద ఆడుతోంది. గాలి లేదు.

బారు తీసి గాడి గీకుతుంటే మళ్లీ వాసన వచ్చింది. ఎంత కడిగినా పోలేదన్నమాట అనుకుని నవ్వాను.

"తులసీ, నీ మెంతినూనె గాడిలో ఇంకా మిగిలే ఉందే."

"మెంతినూనేంటండీ? నేను పోసింది దుకాణంలో అమ్మే మామూలు కొబ్బరినూనె."

"మెంతులూ మందారాకూ వేసి కాచలేదూ?"

"నాకేం వచ్చండీ అది? ఎన్నిసార్లు అడిగినా ఆవిడ చెబితేగా! 'నేనున్నానుగా, నీకెందుకే' అనేవారు."

సూర్యకళ తన జడ ముందుకి వేసుకుని వాసన చూసుకుని, కాదన్నట్టు తలూపింది. రూతుగారు తనది తెల్లజుట్టనీ, దానికి ఆముదం తప్ప పడదనీ అన్నారు. దారాలు ఆగాయి. వాసన ఉంది. నాకొక్కడికే కాదని వాళ్ల మొహాలు చూస్తే తెలిసింది.

మా ఆవిడ ఒకసారి చాప చివరికేసి చూసింది. దారపు ఉండ దగ్గరికి లాక్కుని, చీర కుచ్చెళ్లు సర్దుకుని, ఒక మనిషి పట్టేంత చోటు వదిలి పక్కకి జరిగింది.

"రండి అత్తయ్యగారూ, కూచోండి" అని మళ్లీ అల్లిక అందుకుంది.

ఆటపట్టిస్తోందేమోనని ఆవిడ మొహం వెతికాను. ఎక్కడా నవ్వు లేదు. దయ్యాల్ని నమ్మని రూతుగారు కూడా మరికాస్త జరిగారు. నేను ఆకురాయి తీసుకుని, తల ఎత్తకుండా పళ్లు రుద్దడం మొదలుపెట్టాను.